ముక్కల మీద వాషర్

వేగస్ శివార్లలో బౌల్డర్ హైవే మీద కాపర్ లాంటర్న్ అని ఒక కసీనో ఉంది. దాని పేకాట గదిలో గోడ పక్క బల్ల దగ్గర ఎనిమిదో కుర్చీ వెల్డా క్రెబ్స్‌ది. కుర్చీ మీద ఆమె పేరేమీ రాసి లేదు. అయినా కొత్తవాడెవడైనా తెలియక కూర్చుంటే, పక్కవాళ్ళే "అది వెల్డా చోటు, కాస్త జరుగు బాబూ" అనేవాళ్ళు. వాడూ జరిగేవాడు.

వెల్డాకి అరవై దాటాయి. ఎడమ తుంటి అరిగిపోయింది. పొద్దున ఫలహారాల రద్దీ తగ్గే వేళకి వచ్చి, కాఫీ తెప్పించుకుని, బల్ల అంచున గ్లాసు పెట్టుకునే గుంటలో దాన్ని పెట్టుకుని కూర్చునేది. తనకి పంచిన రెండు ముక్కలూ ఒకసారి అంచు లేపి చూసుకుని, వాటి మీద ఒక సీసపు వాషర్ పెట్టేది. ఆమె మొగుడు డ్వెయిన్ ఇంటికప్పులు వేసేవాడు. రేకులకి మేకు కొట్టేటప్పుడు కింద వేసే వాషర్లు అతని డబ్బాలో ఇంకా సగం ఉన్నాయి. ఒక జూలై ఎండలో కప్పు మీదే డ్వెయిన్ ప్రాణం పోయింది. డబ్బా ఇంట్లో మిగిలింది.

డ్వెయిన్ కూడా ఆడేవాడు, పోగొట్టుకునేవాడు. అప్పట్లో వెల్డా ఇదే కసీనో హోటల్లో గుడ్లూ బంగాళాదుంపలూ మోసేది. ట్రే పట్టుకుని బల్లల మధ్య తిరిగి తిరిగి ఆమెకొక విద్య పట్టుబడింది. ఎవరు బిల్లు చూసి గొణుగుతాడో, ఎవరు జేబులో లేని డబ్బుకి ఆర్డరిస్తున్నాడో, ఎవరు పెళ్ళాం ముందు గొప్పకి టిప్పు పెట్టి తర్వాత వెనక్కి లాక్కుంటాడో, మొహం చూసి చెప్పేసేది. మొగుడు పోయాక ఆ కళ్ళనే పేకాట బల్ల దగ్గరికి తెచ్చుకుంది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ బల్లే ఆమెకి తిండి పెట్టింది. పెద్ద సంపాదనేం కాదు. ట్రైలర్ ఇల్లు నిలిపిన చోటుకి అద్దె, కరెంటు, మందులు, ఆదివారం పాటీ మెల్ట్ అనే మాంసం రొట్టె ఒకటి. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆమెకున్న గర్వమల్లా అదొక్కటే.

గదిలో ఆమెకి మంచి పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ముక్కలు పంచేవాడు ఎవరైనా వదిలేసిన ముక్కల్ని చేత్తో ఊడ్చి తన ముందున్న చచ్చిన ముక్కల కుప్పలో కలిపేస్తాడు. కుప్పలో కలిసిన ముక్క ఇక బతకదు. అది ఎంత గొప్ప ముక్కైనా సరే, ఎవడి పొరపాటైనా సరే. అందుకే ఎవరి ముక్కల మీద వాళ్ళు ఏదో ఒక బరువు పెట్టుకోవాలి. ఇది అన్నిచోట్లా ఉన్న నియమమే. కాపర్ లాంటర్న్‌లో మాత్రం దాని మీద ఇంకో మర్యాద కూడా ఉండేది. పంచేవాడి చెయ్యి పొరపాటున బతికున్న ముక్కల మీదికి పోతుంటే, చూసినవాళ్ళు "ఆగు" అనాలి. అందరికంటే ముందు అనేది వెల్డా. రెండో కుర్చీలో కూర్చునే హెర్షెల్‌కి చూపు మందం. ఎడారిలో ప్రభుత్వ బస్సు నడిపి రిటైరైన మనిషి. అతని ముక్కల్ని ఆమె ఎన్నిసార్లు కాపాడిందో లెక్క లేదు.

"నువ్వు లేకపోతే నా పెన్షన్ అంతా ఆ కుప్పలోనే పోయేది వెల్డా" అనేవాడు.

"ఎలాగూ నా దగ్గరికే వస్తుంది కదా హెర్షెల్, మధ్యలో కుప్పకి ఎందుకివ్వడం" అనేది ఆమె.

అందుకే ఆమె ఉన్న బల్ల దగ్గర పాతవాళ్ళెవరూ ముక్కల మీద ఏమీ పెట్టేవాళ్ళు కాదు. ఆమె కళ్ళుంటే చాలనుకునేవాళ్ళు.

ఆ ఏడాది వసంతంలో ప్రభుత్వం ఇంటర్నెట్ పేకాట సైట్లని మూయించింది. ఇళ్ళల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడి బతికే పిల్లలందరూ ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఆ రోడ్డు వేగస్‌కి వచ్చింది. టోపీ చొక్కాలు, చెవుల్లో పాటలు, ఎండ ఎరగని మొహాలు. అలా వచ్చినవాళ్ళలో ట్రెవర్ ఒకడు. మిన్నెసోటా పిల్లాడు, ఇరవై మూడేళ్ళు. సైట్లో ఇరుక్కున్న డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ నిషేధం లేని మెక్సికోలో ఇల్లు తీసుకుంటే అక్కడి నుంచి మళ్ళీ తెర మీద ఆడుకోవచ్చని, దానికి సరిపడా కూడబెట్టుకుందామని వచ్చాడు. వెల్డా ట్రైలర్‌లో వెనక గది ఖాళీగా ఉంటే అద్దెకి తీసుకున్నాడు.

మొదటిరోజు బల్ల దగ్గర వాడు నవ్వులపాలయ్యాడు. పందెం పెంచుదామని, డబ్బుకి బదులు వాడే బిళ్ళల్లో ఒక పెద్దది తీసి, నోరు మెదపకుండా బల్ల మీదికి విసిరాడు.

"ఉన్న పందానికే సరిపెట్టాడు" అన్నాడు ముక్కలు పంచే రోమెల్.

"లేదు, పెంచాను."

"నోటితో చెప్పలేదుగా. చెప్పకుండా ఒకటే బిళ్ళ వేస్తే సరిపెట్టినట్టే."

"అక్కడ బొత్తం నొక్కితే చాలేమో నాయనా, ఇక్కడ నోరుండాలి" అన్నాడు హెర్షెల్. బల్లంతా నవ్వింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వెల్డాకి జాలేసింది.

సాయంత్రం వంటింట్లో వాడు కార్న్‌ఫ్లేక్స్ పెట్టెలో చెయ్యి పెట్టి పొడిగానే తింటున్నాడు. ఆమె అంట్లు తోముతోంది.

"మీరు గంటకి ఎన్ని ఆటలు ఆడతారు, మిస్ వెల్డా?"

"రోమెల్ ఎన్ని పంచితే అన్ని. ముప్పై పడితే గొప్ప."

"నేను వెయ్యి ఆడేవాణ్ణి. తెర మీద పన్నెండు బల్లలు ఒకేసారి పెట్టుకుని."

"పన్నెండు బల్లల దగ్గర కూర్చున్నట్టా, పన్నెండింటికీ దూరంగా కూర్చున్నట్టా?"

వాడు నవ్వాడు. "మీరు జన్మంతా ఆడినన్ని ఆటలు నేను ఒక్క ఏడాదిలో ఆడేశాను. ఏ ముక్కకి ఎంత పెట్టాలి, ఎప్పుడు వదలాలి, అన్నీ లెక్కలే. రాత్రి కూర్చుని ఆడినవన్నీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకుని, ఎక్కడ తప్పు చేశానో వెతుక్కునేవాణ్ణి."

"మరి ఆడేవాడి మొహం?"

"మొహం ఎక్కడుంటుంది? పేరూ, ఒక బొమ్మా ఉంటాయి. నాతో రెండేళ్ళు ఆడినవాడు మగాడో ఆడదో కూడా నాకు తెలియదు."

వెల్డా గిన్నె బోర్లించింది. చాలాసేపటి నుంచి నాలుక మీదున్న మాట అడిగింది. "అయితే మీ లెక్కల్లో నేనెంత?"

ట్రెవర్ పెట్టెలోంచి చెయ్యి తీశాడు. "నిజం చెప్పనా?"

"అబద్ధం చెప్తే ఎలాగూ పట్టేస్తాను. చెప్పు."

"అక్కడ అన్నిటికంటే చిన్న బల్లలుండేవి. అయిదు సెంట్లు, పది సెంట్ల పందాలు. వాటి దగ్గర కూర్చుంటే మీరు నెమ్మదిగా పోగొట్టుకునేవారు."

"మరి ఇన్నేళ్ళు నేను గెలిచింది?"

"తాగినవాళ్ళ దగ్గర. సెలవులకి వచ్చినవాళ్ళ దగ్గర." పెట్టె మూత మూసి, "హెర్షెల్ గారి దగ్గర" అన్నాడు. వాడి గొంతులో ఎకసెక్కమేమీ లేదు. టైరులో గాలెంతుందో చూసి చెప్పినట్టు చెప్పాడు.

ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఇరవై ఏళ్ళుగా తనది విద్య అనుకుంది. అది నిజంగా విద్యేనా, లేక తనకంటే గుడ్డివాళ్ళ మధ్య కూర్చోవడమా అన్న అనుమానం ఆ రాత్రి మంచం దాకా వెంట వచ్చింది.

మర్నాడు పొద్దున డ్వెయిన్ డబ్బా తీసి ఒక వాషర్ వాడి చేతిలో పెట్టింది. "నాకు లెక్కలు రావు. నీకు కూర్చోవడం రాదు. తల ఎత్తవు. ముక్కలు చూసుకుని వాటిని అలా గాలికొదిలేసి, చెవుల్లో పాటలు పెట్టుకుంటావు. పైగా పోయి పోయి ఒకటో కుర్చీలోనే కూర్చుంటావు. అది పంచేవాడి చేతికి అందే చోటు. ఇది పెట్టుకో."

"తెర మీద ఎవరూ నా ముక్కలు ఎత్తుకుపోలేదు, మిస్ వెల్డా."

"అక్కడ చేతులుండవు పిల్లోడా. ఇక్కడుంటాయి."

వాడు థాంక్స్ చెప్పి వాషర్ తీసుకున్నాడు. అది వంటింటి కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. ఆమె మళ్ళీ చెప్పింది. బల్ల దగ్గర చెప్పింది, కారులో చెప్పింది. వాడు "అవును, రేపట్నించి" అనేవాడు.

ఎండలు ముదిరేసరికి వాడికి బల్ల అలవాటైంది. గెలవడం మొదలుపెట్టాడు. వాడి వెనకాల వాడిలాంటి పిల్లలు ఇంకా వచ్చారు. వాళ్ళు గట్టిగా మాట్లాడరు, తాగరు, తొందరపడి తప్పు చెయ్యరు. బయటి ఊళ్ళ సరదారాయుళ్ళు ఒకటి రెండు రోజులు నలిగి, స్లాట్ మిషన్ల వైపు వెళ్ళిపోయారు. బల్ల దగ్గర పెన్షన్‌వాళ్ళూ, ఈ పిల్లలూ మిగిలారు. మధ్యలో వెల్డా.

ఆమె చూపు ఇంకా పనిచేస్తూనే ఉంది. ట్రెవర్ విషయం ఆమెకి ఒకటి తెలుసు. వాడి మోకాలు ఎప్పుడూ ఆడుతూ ఉంటుంది. బల్ల సన్నగా వణికి, ఆమె కాఫీలో అలలు లేస్తాయి. వాడికి గొప్ప ముక్కలు పడ్డప్పుడు మోకాలు ఆగిపోతుంది. కాఫీ అద్దంలా నిలబడుతుంది. అప్పుడు ఆమె ముక్కలు వదిలేసేది. కానీ వదిలేస్తే పోయేది ఆగుతుందంతే, ఇంట్లోకి బియ్యం రావు. మిగతా రోజంతా లెక్కల మనుషులు ఆమెని కొంచెం కొంచెంగా కొరుక్కుతిన్నారు.

ఆగస్టు వచ్చేసరికి కసీనో లాకర్లో ఆమె దాచుకున్న సొమ్ము అడుగంటింది. పక్క ఊరు హెండర్సన్‌లో ఒక హోటల్ మేనేజర్ పాత పరిచయం. సోమవారం నుంచి పొద్దుటి షిఫ్టుకి రమ్మన్నాడు. మళ్ళీ ట్రే. ఈ తుంటితో. డాక్టర్ ఎక్స్‌రే చూపించి, నిలబడి చేసే పని పెట్టుకుంటే ఏడాదిలో చక్రాల కుర్చీ అని చెప్పి ఎంతోకాలం కాలేదు. శుక్రవారం మిగిలినదంతా లాకర్లోంచి తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. ఇది పోతే ఎనిమిదో కుర్చీ లేనట్టే.

మధ్యాహ్నం. గదిలో ఏసీ హోరు. రోమెల్ డబుల్ షిఫ్టులో ఉన్నాడు, కళ్ళు వాచి ఉన్నాయి. వెల్డాకి ఆసూ, రాజూ పడ్డాయి. వాషర్ పెట్టింది. పందెం పెంచితే ట్రెవర్ సరిపెట్టాడు, హెర్షెల్ సరిపెట్టాడు. రోమెల్ బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తిరగేశాడు. రాజు, తొమ్మిది, నాలుగు. ఆమెకి రాజుల జత కుదిరింది. మళ్ళీ పందెం వేసింది. ఇద్దరూ సరిపెట్టారు. నాలుగో ముక్క రెండు. దానితో ఎవరికీ ఒరిగేదేం లేదు.

ఇంకెన్నాళ్ళు కొరుక్కు తినిపించుకోవడం అనుకుంది వెల్డా. ఉన్నదంతా ముందుకి తోసేసింది. "మొత్తం" అంది. లెక్కల మనుషులు ఇంత పందానికి వదిలేస్తారు, అందులోనూ నెలల తరబడి కదలని ముసలమ్మ కదిలితే.

తోసేశాక అలవాటు కొద్దీ కాఫీ వైపు చూసింది. కాఫీ కదలడం లేదు.

"నేనూ మొత్తం" అన్నాడు ట్రెవర్. తన బిళ్ళలన్నీ తోసి, వెనక్కి వాలి, చెవుల్లో పాట సర్దుకుంటూ ఫోన్ తీశాడు. ముక్కలు వాడి ముందు పడి ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు.

హెర్షెల్ తన ముక్కల్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, నిట్టూర్చి, ముందుకి విసిరాడు. అవి జారుకుంటూ పోయి ట్రెవర్ ముక్కల పక్కన ఆగాయి. అంచుకి అంచు తగిలింది. రోమెల్ కళ్ళు బిళ్ళల గుట్టల మీద ఉన్నాయి. పెదాలు లెక్క కదుపుతున్నాయి. ఎడమ చెయ్యి తనంతట తాను హెర్షెల్ ముక్కల వైపు బయల్దేరింది.

ఆ చెయ్యి ఎక్కడికి పోతోందో వెల్డా చూసింది. బల్ల దగ్గరున్న అందరికంటే ముందు చూసింది. ఎప్పుడూ అలాగే చూసేది. "ఆగు" అనే మాట నోటిదాకా వచ్చింది కూడా. నోరు కొంచెం తెరుచుకుంది. ఆమె చూపు ఒకసారి కాఫీ మీదికి వెళ్ళింది. కదలని కాఫీ.

నోరు మూసుకుంది.

రోమెల్ చెయ్యి నాలుగు ముక్కల్నీ కలిపి ఊడ్చి కుప్పలో తోసింది. తర్వాతే అతను తలెత్తాడు. ఒకటో కుర్చీ ముందు ఖాళీగా ఉంది.

"నా ముక్కలేవి?" అన్నాడు ట్రెవర్, చెవుల్లోంచి తీగ లాక్కుంటూ. "మూడు తొమ్మిదులు నావి. చేతిలో రెండు, బల్ల మీద ఒకటి."

రోమెల్ మొహం పాలిపోయింది. సూపర్వైజర్ రోసాల్బాని పిలిచాడు. ఆమె వచ్చి అంతా విని, కుప్ప వైపు చూసి, "కలిసిపోయాయి బాబూ. ముక్కల్ని కాపాడుకోవాల్సింది నువ్వే. అది మా తప్పైనా సరే నియమం అంతే" అంది. "బల్ల మీద బతికున్న ముక్కలు ఒక్కచోటే ఉన్నాయి. డబ్బు అటే వెళ్తుంది."

బిళ్ళల గుట్టంతా ఎనిమిదో కుర్చీ ముందుకి వచ్చింది. ఇలా గెలిచినవాళ్ళు ముక్కలు చూపించక్కర్లేదు. వెల్డా వాషర్ తీసి, మూడు తొమ్మిదుల ముందు నిలవని తన ముక్కల్ని బోర్లగానే రోమెల్ వైపు తోసింది.   హెర్షెల్ ఆమె వైపే చూస్తున్నాడు. మందం చూపుతో, కళ్ళు చిట్లించి, చాలాసేపు.

ఇంటికెళ్ళేసరికి ట్రెవర్ బట్టలు సర్దుకుంటున్నాడు. మెక్సికో డబ్బు మొత్తం ఆ గుట్టలోనే పోయింది. మిన్నెసోటాలో మేనమామకి టైర్ల కొట్టు ఉంది, అక్కడికి పోతానన్నాడు.

"కొన్నాళ్ళు ఉండరాదూ. అద్దె తర్వాత చూసుకుందాం" అంది గుమ్మంలో నిలబడి.

"వద్దు మిస్ వెల్డా. ఇది నాకు పడదు. అక్కడ తప్పు చేస్తే లెక్క తప్పేది. ఇక్కడ లెక్క తప్పలేదు, అయినా పోయింది." సంచి జిప్పు లాగాడు. "మీరు ఎన్నిసార్లు చెప్పారు. మిగతావాళ్ళందరికీ నేను డబ్బున్న పిల్లాణ్ణంతే. ఈ ఊళ్ళో నాకు మంచి చెప్పింది మీరొక్కరే. వినకపోవడం నా తప్పు."

వెల్డా వాడి మొహంలోకి చూసింది. ఎక్కడైనా ఒక ముల్లు ఉంటుందేమోనని వెతికింది. ఏమీ లేదు. వాడు అన్నది మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ బల్ల దగ్గర ఆడినవాళ్ళలో ఆమె నోరు తెరిచి మూయడం చూడనివాడు వాడొక్కడే. తల ఎత్తలేదు కదా.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. దారిలో తినమని, మాంసం కాల్చి చేసిన మీట్‌లోఫ్ ముక్కలు బ్రెడ్డులో పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చింది. వాడు వంగి ఆమెని వాటేసుకుని, బస్సుకి వెళ్ళిపోయాడు. కిటికీ గట్టు మీది వాషర్ అక్కడే ఉంది.

శనివారం రాత్రి హెండర్సన్ మేనేజర్‌కి ఫోన్ చేసి, రానని చెప్పింది. సోమవారం పొద్దున ఫలహారాల రద్దీ తగ్గే వేళకి కాపర్ లాంటర్న్‌కి వెళ్ళింది. ఎనిమిదో కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చుంది. కాఫీ వచ్చింది.

రోమెల్ పంచాడు. హెర్షెల్ తన ముక్కలు చూసుకుని, జేబులోంచి ఒక అరడాలరు నాణెం తీసి వాటి మీద పెట్టాడు.

"ఏంటి హెర్షెల్, కొత్త అలవాటా?" అంది వెల్డా.

"వయసు మీద పడుతోంది కదా. కళ్ళు కనపడటం లేదు."

"కళ్ళు ఎప్పుడు కనపడ్డాయి నీకు?"

ఎప్పుడైనా ఆ మాటకి హెర్షెల్ నవ్వేవాడు. ఇప్పుడు నాణేన్ని వేలితో కొంచెం సర్దాడు, అంతే. అయిదో కుర్చీలో ఉన్న నర్సు తన ఉంగరం తీసి ముక్కల మీద పెట్టింది. పదో కుర్చీలో ట్యాక్సీ ఆయన లైటర్ పెట్టాడు. పన్నెండేళ్ళుగా ఆమె పక్కన ఆడుతున్న ఏడో కుర్చీ మనిషి ముక్కల మీద అరచెయ్యే పెట్టుకున్నాడు.

వెల్డా తన వాషర్ పెట్టింది. తర్వాత, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. తలలన్నీ వంగి ఉన్నాయి. అందరూ తమ తమ ముక్కల వైపే చూస్తున్నారు.

"మీదే ఆట, వెల్డా గారూ" అన్నాడు రోమెల్, తల ఎత్తకుండా.